పురిటి ఇంటికి ఏ థర్మామీటరు కొనాలి? చంకలో పెట్టేదా, నుదుటికి చూపే గన్నా?

ముందుగా తీర్పు. నెలలోపు బిడ్డ ఉన్న ఇంటికి కావలసింది మందుల షాపుల్లో వందన్నర నుంచి మూడు వందల రూపాయల మధ్య దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు. ఒక కొసన లోహపు మొన, ఇంకో కొసన చిన్న తెర ఉంటాయి, చంకలో పెట్టి చూస్తారు. నుదుటికి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్ దానికి ఎన్నో రెట్లు ఖరీదు. పెద్దపిల్లలకు పనికొస్తుందేమో గానీ, పసిగుడ్డును అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి దాని అంకె చాలదు. చెవిలో పెట్టే రకం ఆరు నెలలు నిండేదాకా కొనొద్దు. పసిబిడ్డ చెవి రంధ్రం సన్నగా ఉంటుంది కాబట్టి కిరణం కర్ణభేరి మీద సరిగా పడదు. పాత పాదరసం గాజు థర్మామీటరు ఇంట్లో ఉంటే బిడ్డ దగ్గరకు రానివ్వొద్దు. అది పగిలితే పాదరసం గచ్చు మీద చిన్న చిన్న గుండ్లుగా చెదిరి, దాని ఆవిరి గదిలో చేరుతుంది.

ఈ చిన్న వస్తువు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, మొదటి 28 రోజుల్లో జ్వరం పెద్దపిల్లల జ్వరం లాంటిది కాదు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకినా పసిబిడ్డకు దగ్గు, జలుబు వంటి గుర్తులేవీ ఉండకపోవచ్చు. ఒళ్లు వేడెక్కడమో, పాలు సరిగా తాగకపోవడమో ఒక్కటే గుర్తు కావచ్చు. పొద్దున మామూలుగా ఉన్న బిడ్డ సాయంత్రానికి ప్రమాదంలో పడవచ్చు. చెయ్యి పెట్టి చూడటం మంచి అలవాటే, కానీ అది అనుమానం వరకే. గిన్నెలు తోమి వచ్చిన చల్లటి చేతికి ఏ బిడ్డయినా వేడిగానే తగులుతుంది. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చేతికి నిజమైన జ్వరం కూడా తెలియకపోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సినవి

ఓమ్రాన్, హిక్స్, డాక్టర్ మోర్‌పెన్ లాంటి తెలిసిన బ్రాండ్లలో ఏది తీసుకున్నా పని జరుగుతుంది. వాటి మధ్య తేడా కంటే వాడే పద్ధతిలో తేడా ఎక్కువ. డబ్బా మీద మూడు సంగతులు చదవండి. కచ్చితత్వం సెల్సియస్‌లో 0.1 డిగ్రీ లేదా ఫారెన్‌హీట్‌లో 0.2 డిగ్రీ లోపు ఉండాలి. తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు ముద్రించి ఉండాలి. 2021 నుంచి డిజిటల్ థర్మామీటర్లు మన దేశంలో మందుల చట్టం నియంత్రణలోకి వచ్చాయి కాబట్టి ఆ నంబరు లేని సరుకు తీసుకోవద్దు. మూడోది, చంకలో ఎంతసేపు ఉంచాలో లోపలి కాగితంలో విడిగా రాసి ఉందో లేదో. "10 సెకన్లలో ఫలితం" అని పెద్ద అక్షరాలతో ఉన్నా అది చాలాసార్లు నోటికో, మలద్వారానికో చెప్పిన లెక్క. చంకకు ఎక్కువ సమయం పడుతుంది.

మొన వంగే రకం, గట్టిగా ఉండే రకం రెండూ ఉంటాయి. పసిబిడ్డ కదిలినా గుచ్చుకోదు కాబట్టి వంగే మొనకు ఓ ముప్పయ్యో నలభయ్యో ఎక్కువ పెట్టడం దండగ కాదు. వెలుగుతో కనిపించే తెర దొరికితే ఇంకా మంచిది. రాత్రి లైటు వేసి బిడ్డను లేపే పని తప్పుతుంది. చాలావాటిలో ఎల్ఆర్ 41 అనే గుండీ బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ గుర్తు మిణుకుమంటుంటే అంకెను నమ్మకుండా బ్యాటరీ మార్చండి. తీసిన గుండీని వెంటనే పారేయాలి. ఇంట్లో పాకే పెద్దబిడ్డ ఉంటే అది మింగే ప్రమాదం ఉంది, గొంతులో ఇరుక్కుంటే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

ఫారెన్‌హీట్, సెల్సియస్ మార్చే వీలున్న మోడల్ అయితే మన డాక్టర్లు అడిగే ఫారెన్‌హీట్‌లో పెట్టి వదిలేయండి. ఆన్‌లో ఉన్నప్పుడు బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో మారుతుంది. తెలియక ఎవరో నొక్కి సెల్సియస్‌లోకి మార్చాక 37 అని చూసి కంగారుపడే ఇళ్లు ఉన్నాయి. అది మామూలే, ఫారెన్‌హీట్‌లో 98.6.

పెట్టే పద్ధతి, తప్పే చోట్లు

స్నానం చేయించాక, నూనె రాశాక, సాంబ్రాణి పొగ చూపించాక, మందంగా చుట్టి పడుకోబెట్టి ఉన్నప్పుడు వెంటనే చూడొద్దు. అరగంట ఆగండి. (అసలు సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు, మానేస్తే అన్నిటికన్నా మేలు.) చొక్కా పక్కకు తీసి, చంక మడతలో చెమట, నూనె, పౌడరు లేకుండా మెత్తటి పొడి గుడ్డతో అద్దండి. మొన చంక మధ్యలో, బాగా పైకి, చర్మానికి అన్ని వైపులా తగిలేలా పెట్టండి. కర్ర బిడ్డ ఒంటికి సమాంతరంగా, కిందకు ఉండాలి. అడ్డంగా పెడితే మొన వెనక వైపు బయటకు పొడుచుకొచ్చి గదిలో గాలి వేడిని కొలుస్తుంది. తక్కువ అంకెలు రావడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. చెయ్యి మడిచి రొమ్ముకు ఆనించి, మీ అరచేత్తో మోచేతిని మెల్లగా పట్టుకోండి. పాలు తాగుతుండగా చూస్తే బిడ్డ కుదురుగా ఉంటుంది గానీ, తల్లి ఒంటికి ఆనుకున్న వైపు చంకలో కాక రెండో వైపు చూడాలి.

బీప్ వినగానే తీయొద్దు. బీప్ అంటే వేడి పెరిగే వేగం తగ్గిందని మాత్రమే అర్థం. చాలా మోడళ్లు ఆ తర్వాత కూడా కొలుస్తూనే ఉంటాయి, మరో నిమిషం ఉంచితే అంకె కొంచెం పెరుగుతుంది. కాగితంలో చంకకు చెప్పిన సమయం నిండేదాకా ఉంచండి. తీశాక మొనను సబ్బు నీటితోనో, స్పిరిట్ దూదితోనో తుడవాలి. మరిగే నీళ్లలో ముంచితే లోపలి సెన్సరు పాడవుతుంది.

వచ్చిన అంకెకు ఒక డిగ్రీ కలిపి చెప్పే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. కలపొద్దు. "చంకలో చూశాం, 100.2 వచ్చింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు ఒక డిగ్రీ కలిపి, డాక్టరు చంకే కదా అని మనసులో ఇంకొంత కలిపితే లెక్క ఎటో పోతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇక్కడ చిన్న తేడా. అక్కడి పిల్లల డాక్టర్లు మూడు నెలల లోపు బిడ్డకు మలద్వారంలో చూసిన అంకె అడుగుతారు. అలా చూడటం నర్సు దగ్గర నేర్చుకున్నాకే చేయండి, ఆ థర్మామీటరును దానికే విడిగా పెట్టండి. ఇక్కడ ఇంట్లో మన అంతట మనం ఆ పని చేయొద్దు. మొన లోతుగా వెళ్తే లోపల గాయమవుతుంది.

అంకె వచ్చాక

పసిబిడ్డకు చంకలో 97.7 నుంచి 99.5 వరకు మామూలు. సెల్సియస్‌లో 36.5 నుంచి 37.5.

100.4 (38 సెల్సియస్) లేదా అంతకంటే ఎక్కువ వస్తే పగలైనా రాత్రైనా అప్పుడే బయలుదేరాలి. బట్టలు వదులు చేసి మళ్లీ చూద్దాం, తెల్లారాక చూద్దాం అనే మాట ఉండకూడదు. పారాసిటమాల్ చుక్కలు ఇంట్లో వేయొద్దు. జ్వరం తగ్గినట్టు కనిపించి, లోపలి ఇన్ఫెక్షన్ అలాగే ఉండి, డాక్టరు చూసే సమయానికి గుర్తు చెరిగిపోతుంది. నెలన్నర టీకాల తర్వాత వచ్చే జ్వరం వేరే సంగతి. పెంటావాలెంట్ వేశాక ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. దానికి బరువును బట్టి ఎంత మందు వేయాలో టీకా వేసిన ఏఎన్ఎంనో డాక్టరునో అడిగి వేయాలి. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకాల మీదకు మాత్రం నెలలోపు జ్వరాన్ని తోసేయొద్దు.

99.5 నుంచి 100.3 మధ్య అయితే చుట్టిన గుడ్డలు, టోపీ, సాక్సులు తీసి, పాలు పట్టించి, అరగంటకు మళ్లీ చూడండి. 99.5 లోపుకు దిగి, బిడ్డ మామూలుగా పాలు తాగుతూ మెలకువగా ఉంటే గమనిస్తూ డాక్టరుకు ఫోన్‌లో చెప్పండి. దిగకపోతే ఆ పూటే తీసుకెళ్లండి. గ్రామాల్లో ఆరోగ్య సిబ్బందికి నేర్పే పద్ధతిలో 99.5 దాటితే చాలు, ఆసుపత్రికి పంపమంటారు. దగ్గరలో డాక్టరు లేని ఊళ్లకు అదే సరైన గీత.

తక్కువ అంకె గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, కానీ అది జ్వరం కంటే తేలిక సంగతి కాదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇన్ఫెక్షన్ వస్తే వేడెక్కడానికి బదులు చల్లబడతారు. 97.7 కంటే తగ్గితే బిడ్డ తడి బట్టలు తీసి, డైపరు, టోపీ, సాక్సులతో తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. నాన్న ఒంటి మీద పడుకోబెట్టినా అంతే పని చేస్తుంది. పాలు పట్టి గంటకు మళ్లీ చూడండి. పెరగకపోతే, లేదా మొదటిసారే 96.8 (36 సెల్సియస్) కంటే తక్కువ ఉంటే ఆసుపత్రికి. 95.9 కంటే తక్కువైతే అది నేరుగా ప్రమాద సూచన. దారి పొడుగునా బిడ్డ ఒంటికి ఒళ్లు ఆనించే తీసుకెళ్లాలి. వేడి నీళ్ల సీసాలు పక్కన పెట్టొద్దు, కాలిన కేసులు చాలా వస్తుంటాయి. ఏసీ గాలి నేరుగా మంచం మీద పడుతున్న గదుల్లోనూ, డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆదిలాబాద్, అరకు వైపూ ఈ తక్కువ అంకె సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

రెంటచింతల ఎండలో ఈ పరికరం

ఎండాకాలంలో ఇది చేసే ఒక తప్పు గురించి డబ్బా మీద ఎక్కడా స్పష్టంగా రాయరు. ఎక్కువ మోడళ్లు తమకు తగిలిన అత్యధిక వేడిని పట్టుకుని అదే చూపిస్తాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో గాలి వేడే 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు టేబుల్ మీద పడి ఉన్న మొన బిడ్డ కంటే వేడిగా ఉంటుంది. స్విచ్ వేసి చంకలో పెడితే బిడ్డకు ఏమీ లేకపోయినా 103 చూపించగలదు. అందుకని మొనను చల్లటి నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, చంకలో పెట్టాక స్విచ్ వేయండి. అనుమానం ఉంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల చంకలో కూడా చూడండి. వాళ్లకూ 102 వస్తే తప్పు థర్మామీటరుదో గదిదో.

ఎండలో బిడ్డ ఒళ్లు నిజంగానే వేడెక్కడం ఇంకో సంగతి. పాలు సరిగా పడని మూడో రోజు, నాలుగో రోజు బిడ్డ, దాని మీద బాలింతకు చలి చేస్తుందని కిటికీలు మూసిన గది, రెండు పొరల గుడ్డలు: ఒంట్లో నీరు తగ్గి జ్వరం వస్తుంది. కేవలం గది వేడి అయితే పొట్ట, అరికాళ్లు రెండూ వెచ్చగా ఉంటాయి. ఇన్ఫెక్షన్ జ్వరంలో పొట్ట కాలుతూ అరికాళ్లు, అరచేతులు చల్లగా ఉండటం తరచు కనిపిస్తుంది. ఇది అనుమానం తీర్చుకునే దారే గానీ, 100.4 దాటిన బిడ్డను ఇంట్లో ఆపడానికి సాకు కాదు. నీళ్లు తాగించొద్దు, రొమ్ముపాలు తరచుగా పట్టించడం, గది గాలాడేలా చేయడం, ఒక్క పొర నూలు బట్ట చాలు.

నుదుటి గన్ ఎక్కడ తప్పుతుంది

గన్ కొలిచేది నుదుటి చర్మం మీది వేడిని. దాని నుంచి లోపలి వేడి ఎంత ఉండొచ్చో లెక్కకట్టి చూపిస్తుంది. ఫ్యాన్ గాలికి, చెమటకు, నుదుటన రాసిన నూనెకు, ఇప్పుడే ఎండలోంచి తెచ్చిన బిడ్డకు ఆ లెక్క తప్పుతుంది. దూరం కూడా ముఖ్యం. ఒక్కో మోడలుకు ఒక్కో దూరం, రెండు మూడు సెంటీమీటర్లు తేడా వచ్చినా అంకె మారుతుంది. చల్లటి గదిలోంచి వేడి గదిలోకి తెచ్చిన గన్ కుదుటపడటానికి పావుగంట నుంచి అరగంట కావాలి.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం మోడ్ బటన్‌తో వస్తుంది. ఒంటి వేడి చూసే మోడ్, పాల సీసా లాంటి వస్తువుల వేడి చూసే మోడ్ రెండూ ఒకే గన్‌లో ఉంటాయి. వస్తువు మోడ్‌లో ఉండగా బిడ్డకు చూపిస్తే 93, 94 లాంటి అంకెలు వచ్చి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. లేదా నిజమైన జ్వరం మామూలు అంకెగా కనిపించి ఊరుకుంటారు. రెండోది ప్రమాదం. ఇప్పటికే గన్ కొన్నవాళ్లు పారేయక్కర్లేదు. నిద్రపోతున్న బిడ్డను కదపకుండా ఒకసారి చూసుకోవడానికి వాడండి, ఎక్కువో తక్కువో అనిపిస్తే చంక థర్మామీటరుతో తేల్చుకోండి. మామూలుగా వచ్చినా బిడ్డ తీరు బాగా లేకపోతే కూడా అంతే. నుదుటికి అంటించే రంగు పట్టీలు మాత్రం దేనికీ పనికిరావు.

భయం మీద అమ్ముడయ్యే మిగతా సరుకు

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు కరోనా రోజుల నుంచి ప్రతి ఇంట్లో ఉంది. దాన్ని పసిబిడ్డ వేలికి పెట్టొద్దు. ఆ క్లిప్పు పెద్దల వేలి మందానికి చేసింది, పసివేలికి వెలుగు పక్కల నుంచి జారిపోయి 80, 85 అని తప్పు చూపిస్తుంది, కొన్నిసార్లు తప్పుగా బాగుందనీ చూపిస్తుంది. ఆసుపత్రిలో పాదానికి చుట్టే పట్టీ సెన్సరు వేరు. ఇంట్లో పెదవులు, నాలుక రంగు చూడండి. అవి నీలంగా మారితే అంకెతో పని లేదు, 108కి ఫోన్ చేయడమే. చేతులు, పాదాలు మాత్రమే కొంచెం నీలంగా, చల్లగా ఉండటం మొదటి రోజుల్లో మామూలు.

విదేశాల్లో బిడ్డ కాలికి తొడిగే సెన్సరు సాక్సులు బాగా అమ్ముడవుతాయి. వాటిలో పేరున్న ఔలెట్ కంపెనీకి 2021లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ ఇచ్చింది, 2023లో కొత్త మోడలుకు అనుమతి ఇచ్చింది. అనుమతి ఉన్నా, నిద్రలో ఆకస్మిక మరణాన్ని ఆపే సాధనంగా ఇంటి మానిటర్లను వాడొద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు, మెత్తటి బొంతలు లేకుండా పడుకోబెట్టడమే చేయాల్సిన పని, దానికి పైసా ఖర్చు లేదు.

ఇంటి తూకం యంత్రం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని వల్ల అనవసరంగా డబ్బా పాలు మొదలుపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. మొదటి కొన్ని రోజుల్లో పుట్టిన బరువులో పదో వంతు లోపు తగ్గడం మామూలు. పది నుంచి పద్నాలుగు రోజుల్లో తిరిగి వస్తుంది. ఆ తర్వాత రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. 50 గ్రాములు అటూ ఇటూ చూపించే తూకం మీద రోజూ పెట్టి చూస్తే ఒకరోజు తగ్గినట్టు, ఒకరోజు పెరిగినట్టు కనిపిస్తుంది, తల్లి పాలు చాలడం లేదని అత్తగారో అమ్మో తేల్చేస్తారు. వారానికి ఒకసారి, ఒకే తూకం మీద, బట్టలు లేకుండా చూపించండి. అది కూడా కొనక్కర్లేదు. ఆశా కార్యకర్త తెస్తుంది.

ఆ సేవ గురించి చాలా ఇళ్లకు తెలియదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఇంట్లో పుట్టిన బిడ్డకైతే మొదటి రోజు కూడా. ఆమె సంచిలో డిజిటల్ థర్మామీటరు, తూకం, ఊపిరి లెక్కపెట్టే గడియారం ఉంటాయి. మీరు కొన్న థర్మామీటరును ఆమె దానితో ఒకసారి పోల్చి చూపించమనండి, 0.3 కంటే తేడా వస్తే మార్చేయండి. పట్టణంలో అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు తమకు రాదనుకుంటారు, దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

థర్మామీటరుకు కనిపించనివి

ఈ పరికరానికి ఉన్న పెద్ద లోపం ఇది: 98.4 చూపించినంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు. అంకె మామూలుగా ఉండి కింద చెప్పినవి ఏవి కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో కొలిచే వాటిలో నమ్మదగినది పాలు తాగే తీరు. అంతవరకు గట్టిగా రొమ్ము పట్టిన బిడ్డ పట్టు వదిలేస్తుంటే, రెండు సార్లు వరసగా లేపినా తాగకపోతే, సగంలోనే అలసిపోయి పడుకుంటే ఆలస్యం చేయొద్దు. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. డైపరు వాడేవాళ్లకు ఇది తెలియదు, కాబట్టి అనుమానం వచ్చిన రోజు గుడ్డలు వాడండి.

ఊపిరి లెక్కకు సెకన్ల ముల్లున్న గడియారమో, ఫోన్ స్టాప్‌వాచో చాలు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తి ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం ఈ వయసులో పనికిరాదు. పసిబిడ్డ కాసేపు గబగబా పీల్చి, ఐదు పది సెకన్లు ఆపి, మళ్లీ మొదలుపెడుతుంది; అది మామూలే. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రి. పక్కలు ఎగరేస్తుంటే, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతుంటే, ముక్కుపుటాలు ఉబ్బుతుంటే, 20 సెకన్ల పాటు ఊపిరి ఆగితే లెక్క కూడా అక్కర్లేదు.

కామెర్లను పగటి వెలుగులో కిటికీ దగ్గర చూడాలి. పసుపు రంగు బల్బు కింద, పసుపు రాసిన గుడ్డల్లో ఎవరికైనా తప్పుతుంది. నుదురు, రొమ్ము మీద వేలితో నొక్కి వదిలితే కింద పసుపు తెలుస్తుంది. చామనఛాయ బిడ్డలకు చిగుళ్లు, కంటి తెలుపు చూడండి. మొదటి 24 గంటల్లో పసుపు కనిపించినా, ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్ల దాకా దిగినా, పసుపుతో పాటు బిడ్డ మగతగా ఉన్నా వెంటనే రక్తపరీక్ష కావాలి. ఎండలో పడుకోబెట్టడం దానికి వైద్యం కాదు; ఆసుపత్రిలో వాడే నీలి వెలుగు వేరు. రెండు వారాలు దాటినా పసుపు పోకుండా, మలం సున్నంలా తెల్లగా, మూత్రం గుడ్డకు మరకపడేలా చిక్కగా ఉంటే పైత్య నాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. ఆ జబ్బు ఆపరేషను రెండు నెలల లోపు జరిగితేనే ఫలితం ఎక్కువ. పసరు తాగించడం, వాతలు పెట్టించడం వల్ల పోయేది ఆ విలువైన రోజులే.

పసరు రంగులో, ఆకుపచ్చగా వాంతి ఒక్కసారి అయినా పేగు మెలిక పడిందేమో అని అనుమానించాలి, గంటల్లో ఆపరేషను కావాల్సి రావచ్చు. పెరుగు తునకల్లా కక్కే పాలు అది కాదు. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి చీము కారడం, మాడు ఉబ్బి గట్టిగా ఉండటం, ఫిట్స్, లేపితే తప్ప కదలకపోవడం, పుట్టిన 24 గంటల్లో నల్లటి మలం పోకపోవడం కూడా ఇదే కోవ.

ఎక్కిళ్లు, తుమ్ములు, ఒంటి మీద ఎర్ర దద్దుర్ల మధ్య తెల్ల చుక్కలు, పొట్టు రాలడం, పిర్రల మీద నీలి మచ్చలు, మూత్రానికి ముందు ఏడుపు, ఆడబిడ్డకు మొదటి వారంలో కొంచెం రక్తపు మరక, రొమ్ములు ఉబ్బడం, ఇవేవీ జబ్బులు కావు. ఉబ్బిన రొమ్ములను పిండొద్దు, చీము పడుతుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, తేనె నాకించడం, బొడ్డు మీద బూడిదో పసుపో పెట్టడం మాత్రం జబ్బును ఇంటికి తెచ్చుకోవడమే.

బయలుదేరేటప్పుడు

బిడ్డ ఒంటిని తల్లి ఒంటికి ఆనించి, దారిలో పాలు తాగగలిగితే పట్టిస్తూ వెళ్లండి. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు రాత్రింబగళ్లు పని చేస్తాయి, హైదరాబాద్‌లో నిలోఫర్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు జబ్బు చేసిన బిడ్డకు పరీక్షలు, మందులు, రాకపోకల వాహనం జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. 28 రోజుల లోపు బిడ్డకు 100.4 ఉందంటే రక్తం, మూత్రం తీస్తారు, అవసరమైతే వెన్ను నుంచి నీరు కూడా తీస్తారు, క్రిములు పెరుగుతున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష ఫలితం రాకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టి దాదాపు రెండు రోజులు ఉంచుతారు. వెన్ను నీరు అనగానే సంతకం పెట్టకుండా తిరిగొచ్చే కుటుంబాలు ఉన్నాయి. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ పాకిందో లేదో తేల్చే పరీక్ష అదే, దాన్ని బట్టే మందు ఎన్ని రోజులో నిర్ణయిస్తారు.

చేతిలో డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, బరువులు రాసిన చీటీ ఉంచుకోండి. చెప్పాల్సినవి: నెలలు నిండి పుట్టిందా, పుట్టిన బరువు ఎంత, కాన్పుకు ముందు ఉమ్మనీరు ఎన్ని గంటల ముందు పోయింది, తల్లికి జ్వరం ఉందా, చివరిసారి బాగా పాలు తాగింది ఎప్పుడు, గత 24 గంటల్లో ఎన్నిసార్లు మూత్రం పోసింది, ఏ మందైనా, ఉగ్గు, గ్రైప్ వాటర్ అయినా సరే, ఏమి ఇచ్చారు. థర్మామీటరు అంకె పక్కన చూసిన సమయం, చంకలో చూశామన్న మాట రాసి పెట్టుకోండి. థర్మామీటరునూ వెంట తీసుకెళ్లండి, అక్కడి దానితో పోల్చి చూస్తారు.